సాయం చేసినవాడే దొంగ

తిరుపతికి ఈ లోకంలో ఒక్కడి మీదే కక్ష. ఆ ఒక్కడు బావమరిది రవీందర్. పెళ్లయిన నాటి నుంచి రవీందర్ ఆయనకు గ్లాసెడు మంచినీళ్లు అందించిన పాపాన పోలేదు. అక్క భాగ్యమ్మ దవాఖానలో ఉంటే చూడటానికని వచ్చి, ఆమెకు తెచ్చిన ఇడ్లీలు తిని వెళ్లాడు. ఇల్లు మారేరోజు బీరువా ఒక పక్క పట్టమంటే, "నడుం పట్టింది బావా" అంటూ సామాను ఎక్కించాల్సిన ట్రాలీలో పడి నిద్రపోయాడు. ఇలాంటివి తిరుపతి దగ్గర బోలెడు. అడిగితే చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు.

ఆ బుధవారం పొద్దున మాత్రం తిరుపతికి రవీందర్ గుర్తు రాలేదు. తాతల నాటి భూమంతా ఎవరెవరి పాలో కాగా, హఫీజ్‌పేట్‌లో చివరికి ఒక్క ప్లాటు మిగిలింది. మధ్యాహ్నం దాన్ని గోవిందప్ప పేరు మీద రిజిస్ట్రేషన్ చేయాలి. వచ్చిన డబ్బుతో బోరబండలోని కిరాయి గదులు వదిలి చిన్న ఇల్లొకటి కొనుక్కోవాలి. ఇన్నేళ్లూ ఎవడి కారో తోలి ఎవడి తిట్లో తిన్నాడు. ఇక మీద సొంత కారు తోలాలి. భాగ్యమ్మ అప్పుడే కొత్తింటి వంటగదిలో పోపుల డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా తేల్చుకుంది.

గోవిందప్ప అనంతపురం వైపు మనిషి. బ్యాంకులో రిటైరై, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కొడుకు దినేష్ దగ్గర ఉంటున్నాడు. చాలా మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తిరుపతి ఏడో తరగతితో బడి మానేశాడు గానీ, బుర్రకు పని చెప్పడం మానలేదు. ఉద్యోగుల్ని ఆఫీసులో దింపాక మళ్లీ ఎక్కించుకునే దాకా పార్కింగ్‌లో ఖాళీ. ఆ ఖాళీలో ఫోన్లో రెండే చూసేవాడు. ఒకటి 'డిటెక్టివ్ గవర్రాజు' అనే నవ్వుల సీరియల్. రెండోది 'ఏజెంట్ అగ్నికేతు' అనే గూఢచారి సినిమాల వరస. చూసి చూసి, లోకంలో ఎవరికీ తట్టని సంగతొకటి పట్టాడు. ఆ రెండూ ఒకటే!

"ఏందన్నా నువ్వు?" అన్నాడు తోటి డ్రైవర్ శ్రీను, ఈ మాట మొదటిసారి విన్నరోజు. "గదేమో మామూలు సీరియలు. గిదేమో కోట్లు పెట్టి తీసిన సినిమా. రెంటికీ పోలికేంది?"

"జర ఆలోచించు శ్రీను. గవర్రాజు స్కూటర్ ఏడ పడ్తది?"

"నాలాల."

"అగ్నికేతు కారు?"

"సముద్రంల."

"రెండూ నీళ్లల్లనే కదా! గవర్రాజును ఫోన్ల పెండ్లాం తిడ్తది, అగ్నికేతును చీఫ్ తిడ్తడు. ఇద్దరూ సిగ్నల్ లేదని పెట్టేస్తరు. ఇద్దరూ సగం కథ దాంక తప్పు మనిషినే ఉతుకుతరు. ఇగ అసలు ముచ్చట విను. ఆఖరుకు దొంగెవడు? గవర్రాజుకు రోజూ చాయ్ పోసిన పక్కింటోడు! అగ్నికేతుకు తుపాకి ఇచ్చి, టికెట్ కొనిచ్చి, తల్లికి రక్తం గూడ ఇచ్చిన పెద్దసారు! అన్ని సీజన్లు చూడు, అన్ని సినిమాలు చూడు. సాయం చేసినోడే దొంగ. ఎన్నడూ సాయం చెయ్యనోడు ఎన్నడూ దొంగ గాదు."

శ్రీను ఆలోచించి, తను పోయబోతున్న చాయ్ తిరుపతికి పోయకుండా తనే తాగేశాడు.

ఈ సిద్ధాంతంతో కొలిస్తే గోవిందప్ప భయంకరంగా కనిపించాడు. ధర దగ్గర బేరమాడలేదు. ఏళ్ల తరబడి పేరుకున్న ప్లాటు పన్ను తనే కట్టాడు. కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తనే తిరిగాడు. వచ్చిన ప్రతిసారీ ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చాడు. ఆయన భార్య అనసూయమ్మ మొన్న వచ్చి, "నీ రైకొకటి ఇయ్యి భాగ్యమ్మా, కుట్టు బాగుండాది, చూసి ఇస్తా" అని పాత జాకెట్ పట్టుకుపోయింది. పాత జాకెట్‌తో బ్యాంకు ఆఫీసరు పెళ్లానికి ఏం పని?

ఆ పొద్దున గోవిందప్ప ఫోన్ చేశాడు. "తిరుపతన్నా, నువ్వు యాటికీ పోవద్దు. ఇంట్లోనే ఉండు. నేను మావాని ఆఫీసు కాడికి పోయి, ఆడినుంచి వచ్చి నిన్నూ చెల్లెమ్మనూ కార్లో తీసుకపోతా. నువ్వేం కష్టపడాకు."

తిరుపతి ఫోన్ కింద పెట్టి, భార్య వైపు తిరిగాడు.

"ఇంట్లనే ఉండాల్నట."

"మంచిదే గద! కారు తెస్తుండు," అంది భాగ్యమ్మ.

"గవర్రాజును గూడ ఇంట్లనే ఉండుమన్నరు. అగ్నికేతును హోటల్ల ఉండుమన్నరు. ఉన్నోనికి ఏమైందో తెలుసా నీకు?"

"నాకు తెల్వది. నువ్వు గడ్డం గీసుకో."

తిరుపతి గడ్డం గీసుకోలేదు. మంకీ క్యాప్, నల్ల కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని దినేష్ ఆఫీసుకు బయలుదేరాడు. వాళ్ల గుట్టేమిటో సంతకానికి ముందే తేల్చేయాలని ఆయన పట్టుదల.

అద్దాల మేడలోకి వెళ్లడం ఆయన అనుకున్నంత తేలిక కాలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. "ఎవల్ని కలవాలె?"

దొంగచాటుగా వచ్చినవాడు ఎవరి పేరు చెబుతాడు? తిరుపతికి ఆ మేడలో తెలిసిన పేరు ఒక్కటే. "దినేష్," అన్నాడు.

"టోపీ తియ్యి. అద్దాలు తియ్యి. మాస్క్ తియ్యి. ఈడ చూడు."

టాబ్లెట్ టిక్కుమని ఫోటో తీసింది. ఆ ఫోటో, పేరుతో సహా, నేరుగా దినేష్ ఫోన్‌కు వెళ్లింది. అతను సరేనని నొక్కగానే చిన్న స్టిక్కర్ బయటికొచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'తిరుపతి, అతిథి' అని ఉంది. సెక్యూరిటీ దాన్ని ఛాతీ మీద అంటించాడు. శత్రువు కోటలోకి పేరు అంటించుకుని, ముందుగా కబురంపి మరీ వెళ్లిన మొదటి గూఢచారి తిరుపతే.

"అంకుల్! ఫోటో చూసి షాకయ్యాను!" అంటూ దినేష్ ఎదురొచ్చాడు. "నాన్న కూడా ఇక్కడే ఉన్నారు. రండి, టిఫిన్ చేద్దురు గాని."

క్యాంటీన్‌లో గోవిందప్ప లేచి కుర్చీ లాగాడు. నెయ్యి దోసె వచ్చింది, పెసరట్టు వచ్చింది, దానిమ్మ రసం వచ్చింది. ఒక్కో పళ్లెం వచ్చినకొద్దీ తిరుపతికి అనుమానం రెట్టింపయింది. అయినా పెసరట్టు వదల్లేదు. అది వేరే సంగతి.

ఇంతలో గోవిందప్పకు ఫోన్ వచ్చింది. ఆయన లేచి స్తంభం పక్కకు వెళ్లాడు. తిరుపతి చేయి కడుక్కునే వంకతో లేచి, స్తంభానికి ఇవతల ఉన్న పెద్ద పూలకుండీ వెనక నిలబడ్డాడు.

"ఆ, అనసూయా. ఆయన ఈడికే వచ్చినాడు... లేదు లేదు, ఏం తెలీదు ఆయనకు. సంతకం అయ్యేదాకా నువ్వూ నోరు తెరవాకు... ఆమె కొలత సరిపాయెనా?... సరే. దండలు గూడా చెప్పినావా? రెండు. ఒకటి ఆయనకు, ఒకటి ఆమెకు. మంచి పూలవి చెప్పు, మళ్లీ మళ్లీ వేసేటివి కావు కదా."

పూలకుండీ వెనక తిరుపతి ఒక్కో మాటా కూడుకున్నాడు. కొలత! దండలు రెండు! మళ్లీ మళ్లీ వేసేవి కావు! గోడ మీద తన ఫోటో, పక్కన భాగ్యమ్మ ఫోటో, ముందు అగరబత్తీలు... అన్నీ కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. సంతకం పెట్టగానే ఇద్దర్నీ పైకి పంపే ఏర్పాటన్నమాట.

వచ్చిన దారిన వెళితే దినేష్ చూస్తాడు. ఎదురుగా ఎర్ర అడ్డకమ్మీ ఉన్న తలుపొకటి కనిపించింది. గవర్రాజయినా అగ్నికేతయినా పారిపోయేది వెనక తలుపు నుంచే. తిరుపతి ధైర్యంగా కమ్మీని తోశాడు.

మేడంతా ఒక్కసారిగా అలారం మోగింది. మంటలంటుకున్నాయనుకుని అన్ని అంతస్తుల వాళ్లూ మెట్ల మీదకు వచ్చారు. హైటెక్ సిటీ జనం కాబట్టి పరుగెత్తలేదు; కాఫీ కప్పులు, లాప్‌టాప్‌లు పట్టుకుని వరసలో దిగారు. "ఇది మాక్ డ్రిల్లా, నిజమా?" అని ఒకమ్మాయి అడిగితే, "నిజమైతే లంచ్ ఎలా?" అన్నాడు ఇంకొకడు. ఆ గుంపులో కలిసి తిరుపతి బయటపడ్డాడు. తను చేసింది అగ్నికేతు నాలుగో సినిమాలో చేసిందేనని, తానైతే ఇంకా నీటుగా చేశానని అనుకున్నాడు.

అయిదు నిమిషాలకే ఫోన్లు మొదలయ్యాయి. సెక్యూరిటీ ఆఫీసు నుంచి ఒకటి, క్యాబ్ ఓనర్ నుంచి ఒకటి, దినేష్ నుంచి వరసగా. "నీ ఫోటో అన్ని గేట్లకూ పంపిండ్రు! ఏం చేసినవ్ రా?" అని ఓనర్ అరిచాడు. గోవిందప్ప చేతులు ఎంత పొడుగో తిరుపతికి అర్థమైంది. ఫోన్ ఆపేశాడు.

ఇప్పుడు ప్లాటును కాపాడాలి. తనను పట్టుకుని బలవంతంగా సంతకం పెట్టిస్తే? కాబట్టి తన సంతకంతో పని లేకుండా చేయాలి. ప్లాటును తన బదులు అమ్మే హక్కులన్నీ ఇస్తూ ఎవరికైనా జీపీఏ కాగితం రాసి రిజిస్టర్ చేస్తే చాలు, గోవిందప్ప నెత్తి బాదుకోవాల్సిందే. కానీ ఎవరికి రాయాలి? సిద్ధాంతం ప్రకారం ఇప్పటిదాకా తనకు ఏ సాయమూ చేయని మనిషై ఉండాలి. అన్నం పెట్టనివాడు, నీళ్లివ్వనివాడు, బీరువా పట్టనివాడు. తిరుపతి జీవితంలో అంత స్వచ్ఛమైన మనిషి ఒక్కడే ఉన్నాడు.

వెళ్లేసరికి రవీందర్ చాప మీద పడుకుని ఉన్నాడు.

"రవీందర్, నా పానం నీ చేతుల ఉంది."

"రేపు రా బావా. నిద్రొస్తుంది."

ఆ మాటకు తిరుపతి గుండె నిండిపోయింది. దొంగైతే ఇంత విసుగు చూపిస్తాడా? ముచ్చటంతా చెప్పి, జీపీఏ తీసుకొమ్మన్నాడు.

"నాకెందుకీ పరేషాన్? ఆఫీసుల పొంటి ఎవడు తిరుగుతడు?"

"నువ్వేం తిరగొద్దు. జర వచ్చి సంతకం చెయ్యి, చాలు."

"ఆటోకు పైసల్లేవు."

"నేనిస్త."

"ఆకలైతుంది."

"బిర్యానీ పెట్టిస్త, లేవయ్యా!"

రవీందర్ లేచాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయటి డాక్యుమెంట్ రైటర్ ఎలాగో మధ్యాహ్నానికే పని జరిపించాడు. తిరుపతి సంతకం పెట్టి, వేలిముద్ర వేసి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. బావమరిది ఆవలించి, బిర్యానీ పొట్లం చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. ఇన్నాళ్లూ ఇతన్ని అనవసరంగా తిట్టానే అని తిరుపతికి మొదటిసారి పశ్చాత్తాపం కలిగింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గోవిందప్ప, అనసూయమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో పెద్ద పళ్లెం. అందులో మామిడిపండు రంగు పట్టుచీర, కుట్టించిన జాకెట్, జరీ పంచె, పసుపు కుంకుమ, రెండు మల్లెపూల దండలు. భాగ్యమ్మ ఆ జాకెట్‌ను ఒంటికి ఆనించుకుని చూసుకుంటోంది. కొలత కుదిరింది.

"శానా పొద్దు నుంచి చూస్తా ఉన్నామప్పా," అన్నాడు గోవిందప్ప దిగులుగా. "ఒకరి భూమి తీసుకునేటప్పుడు ఆ ఇంటాయమ్మ మనసు నొప్పించకూడదని మా ఆనవాయితీ. మొగుడూ పెండ్లాలకు దండలేసి, బట్టలు పెట్టి, ఆమె నోట సంతోషమని అనిపించుకున్నాకే మేము కాలు పెడతాం. ముందే చెబితే మొహమాటపడతారని దాచినాం. మావల్ల తప్పేమన్నా జరిగిందా సామీ?"

తిరుపతి జరిగిందంతా నసుగుతూ చెప్పాడు. మొగుడు పొద్దుటి నుంచీ చేసిన నిర్వాకమంతా విన్నాక భాగ్యమ్మ అన్న మాటలు అచ్చులో వేయదగ్గవి కావు.

"ఏం ఫికర్ లేదు!" అన్నాడు తిరుపతి చివరికి, ధైర్యం తెచ్చుకుని. "జీపీఏ మావోని కాడనే ఉంది. రేపే వచ్చి మీకు సంతకం పెడ్తడు."

అని రవీందర్‌కు ఫోన్ చేశాడు. ఎన్నడూ పది రింగులకు గానీ ఎత్తని రవీందర్ మొదటి రింగుకే ఎత్తాడు.

"బావా! తిన్నవా? అక్క మంచిగుందా? నీకు బీపీ ఉంది, జర ఉప్పు తగ్గించు."

తిరుపతి చెవి నుంచి ఫోన్ తీసి, నంబర్ సరిచూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "రవీందర్... ఆ ప్లాటు సంగతి..."

"నువ్వేం పరేషాన్ గాకు బావా. అంతా నేనే చూస్కుంట. నీకు ఆఫీసులు, తిరుగుడు, తలనొప్పి ఎందుకు? పన్ను గూడ నేనే కడ్త. నువ్వు ఇంట్లనే ఉండు."

తిరుపతి మెల్లగా గుమ్మంలో కూలబడ్డాడు.

మర్నాడు జీపీఏ రద్దు చేయించాలని తెల్లవారకముందే లేచి, తలుపులు తీయకముందే రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు నిలబడ్డాడు. కానీ ఎప్పుడూ పొద్దెక్కాక గానీ లేవని రవీందర్ ఆ రోజు వరసలో ఆయనకంటే ముందున్నాడు. ఎవరూ కాజేయకుండా ఉండాలని ప్లాటును తన భార్య పేరు మీదికి మార్చి, "అంతా నీ కోసమే బావా" అని, బావను తన డబ్బులతో ఆటో ఎక్కించి మరీ పంపించాడు.

శ్రీను ఇప్పటికీ పార్కింగ్‌లో ఆ సిద్ధాంతం గురించి అడుగుతుంటాడు. అది నూటికి నూరుపాళ్లు నిజమేనని తిరుపతి ఇప్పుడు కూడా గట్టిగానే చెబుతాడు. దాన్ని రుజువు చేయడానికి ఆయనకైన ఖర్చు హఫీజ్‌పేట్‌లో తూర్పు ముఖం ప్లాటు, నూట ముప్పై మూడు గజాలు.