దిగులు నివారణ సంఘం వారి బొంత

విద్యార్థుల మనసుల్లోంచి దిగులును సమూలంగా పెరికివేయాలని పైవారు తీర్మానించిన సంవత్సరం అది. ఆ మహత్తర తీర్మానం సంగతి తెలియక, కుందుర్పిలో రంజాన్ బీ తన కూతురు రమీజా సంచి సర్దుతూ దిగులుపడుతూ ఉంది! తెలిసి ఉంటే మానేసేదేమో. ఆ ఊరికి వానే సరిగా చేరదు, తీర్మానాలేం చేరుతాయి?

సంచిలో రెండు జతల బట్టలు, పళ్ళెం, చెంబు, చెనక్కాయల ఉండలు, ఊరుబిండి పచ్చడి డబ్బా వెళ్ళాయి. అన్నిటి మీదా బొంత పెట్టి అదుముతోంది. సంచి మూతి కలవడం లేదు.

"ఏమే, పిల్ల హాస్టలుకు పోతాండాదా, కాపురానికి పోతాండాదా?" అన్నాడు మాబు సాబ్. ఆయన ఊరందరికీ దూది ఏకి పరుపులు కుట్టే మనిషి.

"బొంత లేకుండా మనింట్లో ఎవరు గడప దాటినారో చెప్పయ్యా?"

దూదేకుల వాళ్ళ ఇంట్లోంచి ఎవరు దూరం పోయినా తల్లి కుట్టిన బొంతతోనే పోవాలి. నడిమధ్యలో తల్లి పెళ్ళిచీర ముక్క ఉండి తీరాలి. రంజాన్ బీ కంబదూరు నుంచి అత్తవారింటికి అట్లాంటి బొంతతోనే వచ్చింది. మళ్ళీ వాళ్ళమ్మను కళ్ళు తెరిచి ఉండగా చూడలేదు. అందుకే సంచి కనిపిస్తే ఆమెకు గుండెలో రాయి పడుతుంది.

"ఏడ్వగాకమ్మా. ఎస్సెల్సీ గట్టెక్కితే ట్రైనింగు. ట్రైనింగయితే టీచరమ్మనై మన బడికే వస్తా" అంది రమీజా.

"ఏడ్చేదెవరే? దూది కళ్ళలో పడినాది."

నాలుగో ఫారంలో చేరడానికి పట్నం పోతున్న ఆడపిల్ల ఆ వీధిలో రమీజాయే మొదటిది. "చదువుకుంటుందిలే" అన్నవాళ్ళకంటే "చూస్తాంలే" అన్నవాళ్ళే ఎక్కువ. రంజాన్ బీకి వాళ్ళందరి ఎదుట కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టాలని ఉంది.

ఇక పట్నంలో, హెడ్మాస్టరు శ్రీరంగప్ప గారు తీర్మానాన్ని అందుకున్నారు. అందుకున్న మధ్యాహ్నమే "విద్యార్థి మనోల్లాస మరియు దిగులు నివారణ సంఘం" వెలిసింది. అధ్యక్షులు తామే. హాస్టలు మేట్రన్ నాగలక్ష్మమ్మ కార్యదర్శి. మొదటి సమావేశంలో మిరపకాయ బజ్జీలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. తరువాత దిగులు ఎక్కడ నుంచి వస్తుందో విచారించారు. ఇంటి నుంచి వస్తుందని తేలింది! కాబట్టి ఇంటిని హాస్టలులోకి రానివ్వకూడదు. ఇంటి వస్తువులన్నీ స్టోరు గదిలో పెట్టి తాళం వేయాలి. తల్లిదండ్రులను గేటు బయటే నిలపాలి. రోజూ ప్రార్థన ముగియగానే పిల్లలు వరుసల్లో నిలబడి, విజిల్ మోగగానే నవ్వాలి.

రమీజా బొంత మొదటి రోజే స్టోరుకు పోయింది.

శ్రావణంలో రంజాన్ బీ చెనక్కాయల ఉండలు మూట కట్టుకుని బస్సెక్కి వచ్చింది. గేటు దగ్గర నాగలక్ష్మమ్మ అడ్డం నిలబడింది.

"లోపలికి పోగూడదమ్మా. నిన్ను చూస్తే పిల్లకు దిగులొస్తాది."

"నన్ను చూడకపోతే రాదా?"

"సంఘం వాళ్ళు ఆలోచించే పెట్టినారు గదా!"

"వాళ్ళకు పిల్లోళ్ళు ఉండారా మేడమ్?"

"ఉండారు. వాళ్ళు ఇండ్లలోనే ఉంటారు. వాళ్ళకు దిగులేముంటాది?" అంది నాగలక్ష్మమ్మ, అనుమానం లేకుండా.

అప్పుడే విజిల్ మోగింది. గేటు ఊచల్లోంచి రంజాన్ బీ చూసింది. నూరుమంది పిల్లలు హహహా అన్నారు. మూడో వరుసలో రమీజా నోరు కూడా తెరిచే ఉంది. కళ్ళ కింద మసి పూసినట్టు నలుపు. నవ్వు మాత్రం పక్క పిల్లది.

సెప్టెంబరులో ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తారన్న కబురు వచ్చింది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. రిహార్సలులో రమీజా నవ్వు మధ్యలో ఏడ్చింది. శ్రీరంగప్ప గారికి చెమటలు పట్టాయి.

"ఈ దిగులు అంటువ్యాధి. పక్క పిల్లలకు తగులుకుంటే మన సంఘం పరువేం కావాల? ఇంటికి పంపించేయండి!"

తనిఖీ నాడు ఉదయం బస్సులో రమీజాను ఎక్కించారు. ఇన్‌స్పెక్టరు గారు మధ్యాహ్నం వచ్చి, భోంచేసి, నవ్వు పరేడు చూసి, "ఈ హాస్టలులో దిగులుపడే విద్యార్థిని ఒక్కతె కూడా లేదు" అని రాసి సంతకం పెట్టారు. అందులో అబద్ధమేముంది? ఆ ఒక్కతె అప్పటికి కుందుర్పిలో దిగింది.

సంచి ఒక్కటే తెచ్చింది. బొంత లేదు.

"చదువు రాలేదాప్పా?" అన్నాడు మాబు సాబ్ భయం భయంగా.

"చదువు వస్తాండాది నాయనా. నిద్రే రాలేదు. ఆ బొంత ఇచ్చింటే చాలు, ఉండేదాన్ని. అడిగితే దిగులు ముదిరిందన్నారు." ఆ మాట చెప్పి పిల్ల రెండు రోజులు నిద్రపోయింది. లేచి, "మళ్ళీ పోతానమ్మా, అడుగు" అంది.

రంజాన్ బీ అడగడానికి బయలుదేరింది.

బడిలో హెడ్మాస్టరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయనకు ట్రాన్స్‌ఫరు అయిందట. ఏ ఊరికని అడిగింది.

"ముదిగుబ్బకు!" అన్నాడు గంట కొట్టే జవాను, చావు కబురు చెప్పినట్టు.

ఇంటికి పోయి చూస్తే శ్రీరంగప్ప గారు మంచం పట్టి ఉన్నారు. గడ్డం మాసింది. సంఘం తరఫున నాగలక్ష్మమ్మ వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని తాగమని బతిమాలుతోంది.

"ఏమైనాది సార్? జ్వరమా?"

"మనసమ్మా, మనసు! పుట్టిన ఊరు, తెలిసిన ముఖాలు, ఇంట్లో వంట... ఇవన్నీ వదిలేసి మనిషన్నవాడు ఆ ముదిగుబ్బలో ఎట్లా బతుకుతాడు? ఆర్డరు వచ్చినప్పటి నుంచి కన్ను మూయలేదు."

"ముదిగుబ్బ మన జిల్లాలోనే ఉండాది గద సార్?"

"ఉంటే మాత్రం? ఆడ నాకెవరుండారు?"

"పొద్దున్నే విజిల్ పెట్టి నవ్వి చూసినారా సార్?"

నాగలక్ష్మమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. శ్రీరంగప్ప గారికి ఆ మాట ఎక్కడా తగల్లేదు. మనసు బాగాలేనివారు కదా! అటు తిరిగి పడుకున్నారు. తిరిగినప్పుడు ఒంటి కింద పరిచిన బొంత కనిపించింది. నడిమధ్యలో ఆకుపచ్చ పెళ్ళిచీర ముక్క. దాని చుట్టూ రంజాన్ బీ వేసిన ఎర్రదారం కుట్టు.

"సార్... ఆ బొంత?"

"స్టోరులో ఊరికే పడుండె, తెప్పించినారు" అంది నాగలక్ష్మమ్మ, వేరేవైపు చూస్తూ. "దీనిమీద పండుకుంటేనే సారుకు రోంత నిద్ర పడతాండాది."

"ఏదో వాసనమ్మా దీనికి" అన్నారు శ్రీరంగప్ప గారు కళ్ళు మూసుకుని. "మా అమ్మ పక్కన పండుకున్నట్లుంటాది."

రంజాన్ బీ చెయ్యి బొంత దాకా పోయింది. లాగేస్తే ఎవరు అడ్డం? కాని లాగేస్తే బొంతే వస్తుంది, సీటు రాదు. జారిన కొసను ఆయన కాళ్ళ మీద కప్పింది.

"ఉంచుకోండి సార్. మా బిడ్డను మాత్రం చేర్చుకోండి."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ట్రాన్స్‌ఫరయిన చేత్తో సంతకం పెట్టకూడదమ్మా. ఇది రద్దయిందనుకో, మొదటి సంతకం నీ బిడ్డదే. అల్లా సాక్షి, వెంకటేశ్వరుడు సాక్షి!"

రంజాన్ బీ ఇంటికి వచ్చి సంచి మళ్ళీ సర్దింది. హెడ్మాస్టరు ట్రాన్స్‌ఫరు రద్దు కావాలని అయిదు పూటలా నమాజు చేసిన మనిషి ఈ జిల్లాలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది!

సంఘం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తాలూకా పెద్దల్ని బడికి పిలిపించింది. పిల్లల్ని వరుసల్లో నిలబెట్టి, అదే విజిల్ ఊది, ఈసారి ఏడవమంది. పాపం, వాళ్ళకు రిహార్సలే అవసరం లేకపోయింది! విజిల్ మళ్ళీ ఊదినా ఆపలేదు. పెద్దలు కరిగి నీరయ్యారు. "సొంత ఊరి నుంచి విడదీయడం మనిషి మనసుకు తీరని హాని" అని తీర్మానించి పైకి పంపారు. ట్రాన్స్‌ఫరు రద్దయింది. బాజాలు మోగాయి. దండలు పడ్డాయి.

మరునాడే మాబు సాబ్ సంచి భుజాన వేసుకుని, రమీజాను వెంటబెట్టుకుని వచ్చాడు. గేటు బయట నిలబెట్టి మాట్లాడారు.

"చూడప్పా, నాకు చేర్చుకోవాలనే ఉండాది" అన్నారు శ్రీరంగప్ప గారు. గడ్డం నున్నగా ఉంది. "అయితే, చేర్చుకుంటే ముందు పంపించినట్టు ఒప్పుకోవాల. మా హాస్టలులో దిగులుపడిన పిల్లే లేదని ఇన్‌స్పెక్టరు గారు రాసి పోయినారు. లేని పిల్లను యాడ చేర్చుకునేది?"

"మీ మంచం మీది బొంత ఎవరిది సార్ మరి?" అంది రమీజా.

లోపల విజిల్ మోగింది. ఆయన పరేడుకు ఆలస్యమవుతుందని వెళ్ళిపోయారు.

శ్రీరంగప్ప గారు ముదిగుబ్బకు పోకుండానే తిరిగి వచ్చారు. బొంత తిరిగి రాలేదు. రమీజా మళ్ళీ ఆ బడిలో అడుగుపెట్టలేదు. ఆ గేటు దాటి ఆఖరుసారి వెలుపలికి వచ్చింది 1961 సెప్టెంబరులో, తనిఖీ నాటి ఉదయం.