సూర్యారావు గారి ఇల్లు చూచు విధానం

కొత్తపేటలో మా వీధి మర్యాదకు పెట్టింది పేరు. ఈ సంగతి మేమే చెప్పుకుంటాం కనుక అందులో సందేహానికి తావు లేదు.

1979 మాఘమాసంలో మా వీధి మొదట్లో ఉన్న సూర్యారావు గారి మండువా ఇంటి గేటుకు ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని బోర్డు వేలాడింది. ఆయన మండపేటలో బియ్యం మిల్లులో వాటా తీసుకున్నారు. ఉగాదిలోగా కాపురం అక్కడికి మార్చాలి. నేను దస్తావేజు లేఖరిని. ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రారు కచేరీ ఎదుట తాటాకు పందిరి కింద కూర్చుని, ఈ చుట్టుపక్కల ఇళ్ళనూ దొడ్లనూ ఒకరి పేరునుంచి మరొకరి పేరుకు మారుస్తున్నవాణ్ణి. అందుచేత ఈ వ్యవహారం సహజంగానే నా చేతిమీదుగా నడిచింది.

మొదట్లో ఇల్లు చూడడానికి నియమాలంటూ ఏమీ లేవు. తలుపు తీసి ఉండేది, రావాలనుకున్నవారు వచ్చేవారు. మండపేటనుంచి ఒక కలప వర్తకుడు వచ్చి, దూలాలు గోటితో గీకి చూసి, ఇంటికి గాలి ఎలా వస్తుందో తెలుసుకోవడానికి సూర్యారావు గారి మంచం మీద సాయంత్రం దాకా నిద్రపోయాడు. ముక్తేశ్వరంనుంచి ఒక కుటుంబం పదకొండు మంది వచ్చారు. వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూసి, భోజనాలు చేసి, ఆవకాయలో ఘాటు చాలలేదని చెప్పి, కొనే ఉద్దేశం తమకు మొదటినుంచీ లేదని బస్సెక్కేముందు తెలియజేశారు. వీరిలో ఎవరూ మర్యాద తప్పారని మాకు అనిపించలేదు.

అప్పుడు కృపారావు మాస్టారి దగ్గరనుంచి కార్డు వచ్చింది. కృపారావు గారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన భార్య సువర్ణ గారు సర్కారు ఆసుపత్రిలో నర్సు. మురుగుకాలువ పక్కన రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవారు. ప్రతి వానాకాలం ఆ కాలువ వాళ్ళింట్లోకి వచ్చేది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని, పుస్తకాలు అటకెక్కించుకుని, పన్నెండేళ్ళు ఇద్దరి జీతాల్లోంచీ కూడబెట్టుకున్నారు. సూర్యారావు గారి ఇల్లు మెరక మీద ఉంది. ఆసుపత్రికి నాలుగడుగుల దూరం. ‘తమ గృహమును చూచుటకు ఎప్పుడు రమ్మందురో తెలియజేయ ప్రార్థన’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

ఆ కార్డు చదివాకనే, ఇల్లు చూడడానికి ఒక పద్ధతంటూ ఉండాలన్న సంగతి వీధిలో పెద్దలందరికీ ఒకేసారి తోచింది.

మా వీధి పెద్ద సూరయ్య గారు పూర్వం పంచాయతీ ప్రెసిడెంటుగా చేసినవారు. ఆయన నన్ను పిలిపించి, “లేఖరి గారూ, ఎవరి మనసూ నొప్పించకుండా నాలుగు ముక్కలు రాయండి” అన్నారు. నేను ‘గృహ సందర్శకులకు విజ్ఞప్తి’ అన్న మకుటంతో రాసి, బోర్డు కింద అతికించాను. సందర్శకులు ఈ వీధిలోని ఒక పెద్దమనిషి సిఫారసుతో రావలెను. మంగళ, శుక్రవారములు, అమావాస్య, వర్జ్యము విడిచి రావలెను. ప్రథమ సందర్శనము వీధిలోనుండియే జరుగును.

ఇది చూసి కృపారావు గారు ఆగిపోతారని అనుకున్నాం. మాస్టారు హెడ్మాస్టరు గారిచేత సిఫారసు ఉత్తరం రాయించుకున్నారు. హెడ్మాస్టరు గారు మా వీధివారే. పంచాంగం చూపించుకుని, ఆదివారం ప్రార్థన అయ్యాక, రాహుకాలం రాకముందు, మూడు గంటలకు గొడుగు వేసుకుని వచ్చి గేటు బయట నిలబడ్డారు. ప్రథమ సందర్శనం ప్రకారం నేను అరుగుమీద నిలబడి ఇల్లు చదివి వినిపించాను. తూర్పున పంచాయతీ రోడ్డు, దక్షిణాన సూరయ్య గారి ప్రహరీ, పడమర కొబ్బరి దొడ్డి, ఉత్తరాన బోదె కాలువ. గదులు ఏడు, నుయ్యి ఒకటి. ఆయన నోటుబుక్కులో రాసుకుని, “ఆయ్, చాలా బాగుందండి” అన్నారు. విన్న ఇంటిని మెచ్చుకున్న మొదటి కొనుగోలుదారు ఆయనే.

పట్టుదల గలవారికి నియమాలు కూడా పెరగవలసి వస్తుంది. ద్వితీయ సందర్శనం అరుగు వరకు అని మరో కాగితం అతికించాం. ఆ రోజు ఆయన కూర్చోవడానికి పంచాయతీ ఆఫీసునుంచి కుర్చీ తెప్పించారు సూర్యారావు గారు. ఇంట్లో కుర్చీలు లేక కాదు, ప్రభుత్వోద్యోగికి ప్రభుత్వ కుర్చీ వేయడం గౌరవమని. తాగడానికి కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చారు. కలప వర్తకుడికి స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చిన మాట నిజమే. కాని కోనసీమలో పుట్టినవారికి బొండాం విలువ చెప్పాలా? తాగి అవతల పారేస్తే ఇంట్లోవాళ్ళకి కడిగే పని కూడా ఉండదు. మాస్టారు ఆ బొండాం తాగి, ఖాళీ డొల్లను తానే దొడ్డి దాకా తీసుకెళ్ళి పడేసి వచ్చారు. అంత మర్యాద మేం ఊహించలేదు. మాకు కొంచెం భయం కూడా వేసింది.

తృతీయ సందర్శనానికి సువర్ణ గారు కూడా వచ్చారు. డ్యూటీనుంచి నేరుగా, తెల్లచీరలోనే. ఆ రోజుకి మేం వంటిల్లు, దేవుడి గది, నుయ్యి దూరంనుంచి చూడవలెనని రాసి పెట్టాం. సూర్యారావు గారు పెరటి గోడ బయటనుంచి వేలు చూపించి, “అదుగోనండి వంటిల్లు. ఆ పొగ వచ్చేది” అన్నారు.

“తెలుసండి,” అన్నారు సువర్ణ గారు. “ఆ మూల పొయ్యిమీదే కదండీ నీళ్ళు కాచేను. పక్కన గచ్చు పగిలి ఉండేది. బాగు చేయించేరా అండి?”

సూర్యారావు గారు చూపించిన వేలు దించుకున్నారు. రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో, పట్టపగలే దీపాలు పెట్టుకున్నంత ముసురులో, సూర్యారావు గారి అమ్మాయికి కాన్పు కష్టమైంది. డాక్టరు గారు ఊళ్ళో లేరు. రిక్షా పంపి సువర్ణ గారిని తీసుకొచ్చారు. ఆవిడ తడిసిన కాళ్ళతోనే నడవ దాటి, మండువా దాటి, నడిమింట్లోకి వెళ్ళారు. వంటింట్లో నీళ్ళు కాచుకున్నారు, దేవుడి గదిలో దీపం తీసుకున్నారు. తల్లీ బిడ్డా దక్కారు. ఆ రోజు అతికించిన కాగితాలేమీ లేవు.

సూర్యారావు గారు నావైపు చూశారు. ఇటువంటి సమయాల్లో మాట అందించడం నా వృత్తి.

“అప్పుడు తమరు నర్సమ్మ గారండి. ఇప్పుడు కొనుగోలుదారు. హోదా వేరు కదండీ” అన్నాను.

“అంటే, ప్రాణం మీదికొస్తే గడప దాటొచ్చు. సొమ్మిచ్చి కొంటానంటే దాటకూడదన్నమాట.”

“ఆయ్, అంతేనండి” అన్నాను. అంత తొందరగా అర్థం చేసుకున్నందుకు నాకు నిజంగా సంతోషం వేసింది.

అప్పుడు జరగకూడనిది జరిగింది. సూర్యారావు గారి భార్య కామాక్షి గారు తలుపు చాటునుంచి బయటికి వచ్చి, పెరటి తలుపు బార్లా తీసి, “ఎండలో నిలబడ్డారేటండి సువర్ణ గారూ, లోపలికి రండి” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయారు.

బయట మేం ముగ్గురు మగవాళ్ళం గోడ పట్టుకుని నిలబడ్డాం. లోపల్నుంచి కామాక్షి గారి గొంతు వినిపిస్తూనే ఉంది. ఇదుగో ఈ పెంకు కింద కారుతుందండి, వానొస్తే బొక్కెన పెట్టుకోవాలి. దక్షిణం గోడకి చెమ్మ. నూతి గిలక కీచుమంటుంది, నూనె వెయ్యండి. ఒక అమ్మకందారు ఇల్లాలు ఇంటి లోపాలు తన నోటితో చెప్పడం నా ముప్పై ఏళ్ళ వృత్తి జీవితంలో ఎరగను. అరగంట తర్వాత సువర్ణ గారు బయటికి వచ్చారు. చేతిలో స్టీలు గ్లాసు ఉంది. అందులో కాఫీ ఉంది.

“తీసుకుందామండి” అన్నారు భర్తతో. సూర్యారావు గారు చెప్పిన ధరకు మాస్టారు బేరమాడకుండా ఒప్పుకున్నారు. బేరమాడితే ఆ వంకన తప్పించుకోవచ్చని చూస్తున్న సూర్యారావు గారు దిక్కుతోచక, “పెద్దల్ని ఓ మాట అడిగి చెబుతానండి” అన్నారు.

మర్నాడు పెద్దలు కూడారు. సూరయ్య గారు ఉపన్యసించారు. “మనకెవరిమీదా ద్వేషం లేదు. ఉండకూడదు. మాస్టారు మా మనవడికి లెక్కలు చెబుతున్నారు. వాడికి నూటికి ఎనభై వచ్చేయి. అంతటి యోగ్యుడు మన మధ్య ఇబ్బంది పడకూడదనే నా బాధ. వారి ఆచారాలు వారివి, మన ఆచారాలు మనవి. రేపు వారికి ఒంటరిగా అనిపిస్తే ఆ పాపం ఎవరిది? కేవలం వారి సుఖం కోరి మాత్రమే ఈ ఇల్లు వారికి అమ్మకూడదని మనవి చేస్తున్నాను.”

ఆ ఔదార్యానికి అందరూ తలలూపారు. కామాక్షి గారు గుమ్మంలోంచే అన్నారు, “మా అమ్మాయి బతికింది ఆవిడ చేతుల్లోనండి.”

“అందుకు చీర పెట్టేరు కదమ్మా” అన్నారు సూరయ్య గారు.

“ఆవిడ తీసుకోలేదండి.”

“చూసేరా? అదీ మర్యాదంటే” అని సూరయ్య గారు సభ ముగించారు. కామాక్షి గారు లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ మండపేట బండి ఎక్కేదాకా ఆవిడ మా వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రయాణపు హడావిడి అనుకున్నాం.

కబురు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. మాస్టారి ఇంటికి వెళ్ళాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. కాఫీ తెచ్చారు. పథ్యంలో ఉన్నానన్నాను. మాస్టారు నోటుబుక్కు తెరిచి, నియమాలు వరసగా చూసుకుని అడిగారు, “మేం ఎక్కడ నియమం తప్పేమో చెప్పండి లేఖరి గారూ. దిద్దుకుంటాం.”

“ఒక్కటీ తప్పలేదండి. అదే చిక్కొచ్చింది” అన్నాను.

ఆయన ఆ పుస్తకం మూసి అటకమీద పెట్టేశారు. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక, సువర్ణ గారు పిలిచారు. తిడతారనుకున్నాను. నాకు తిట్లు పడడం కొత్త కాదు.

“మీ కోడలికి ఏడో నెల కదండీ. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది. వచ్చే వారం ఆసుపత్రికి తీసుకురండి, మర్చిపోకండి” అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు.

ఉగాదికి పది రోజుల ముందు ఇల్లు అమ్ముడుపోయింది. కాట్రేనికోన వైపు సారా వేలం పాటలు పాడే బుల్లిరాజు గారు కొన్నారు. ఆయన ఇల్లు చూడడానికి రానేలేదు. మనిషిచేత సంచీలో సొమ్ము పంపారు. కనుక ఆయన మా నియమాల్లో ఒక్కటీ అతిక్రమించలేదు. దస్తావేజు నేనే రాశాను. నెల తిరక్కుండా నడిమిల్లు సారా పీపాల గిడ్డంగి అయింది. దేవుడి గదిలో ఖాళీ సీసాలు పెట్టారు. తాగినవారు సూరయ్య గారి అరుగుమీద పడుకుంటారు. ఇబ్బందే, కాని మనిషి మనవాడు. సూరయ్య గారి ఇంటి ఆడవాళ్ళు ఇప్పుడు పెరటి దారిన రాకపోకలు సాగిస్తున్నారు.

జ్యేష్ఠమాసంలో మా కోడలికి నొప్పులు వచ్చాయి. సువర్ణ గారు మోకాలి లోతు నీళ్ళలోంచి వచ్చారు. కాలువ అప్పటికే వాళ్ళ గదుల్లోకి వచ్చేసిందట. మా వీధి గుమ్మం దాటి, నడవ దాటి లోపలికి వెళ్ళారు. మా వంటింట్లోనే నీళ్ళు కాచారు. మనవరాలు పుట్టింది. ఆవిడ మా ఇల్లు చూడడానికి వచ్చినవారు కారు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వెళ్ళేటప్పుడు నేనే స్వయంగా బొండాం కొట్టించి ఇచ్చాను. ఆవిడ పాపను ఒకసారి చూసుకుని, బొండాం తాగకుండానే గట్టుమీద పెట్టి, వెళ్ళిపోయారు. ఆ ఏడు చివర్లో ఇద్దరూ బదిలీ చేయించుకున్నారు. మా ఆసుపత్రిలో ఆ ఉద్యోగం ఏడాదిన్నర ఖాళీగా ఉంది.

ఈ సంగతి నేను చాలాచోట్ల చెప్పాను. విన్నవారంతా నొచ్చుకుంటారు. ‘ఎంత అన్యాయమండీ, ఈ రోజుల్లో కూడానా!’ అంటారు. అమలాపురంలో ఒకాయన పైపంచెతో కళ్ళు కూడా తుడుచుకున్నారు. తర్వాత కాసేపాగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతారు, ‘ఇంతకీ ఆ మాస్టారు ఏవిట్లండీ, ఏ కులం?’

మీరు అడగలేదు. నేనూ ఎక్కడా రాయలేదు. ఆయన పేరు చదివినచోటే మీకు తెలిసిపోయింది. అందుకే మిమ్మల్ని కూడా మా వీధివారిగానే భావించి ఇంత విపులంగా విన్నవించుకున్నాను.