మా ఊళ్లో తూటాలు కిందికి రావు

తూటా పైకి పోతుంది గానీ కిందికి రాదు. నమ్మరా? అయితే మీరు సెర్బియాలోని మా ఊరికి ఎప్పుడూ పెళ్లికి రాలేదన్నమాట!

బడిలో మాస్టారు చెప్పే భూమ్యాకర్షణ శక్తి ఉంది చూశారూ, అది రాళ్లకి వర్తిస్తుంది, చెట్టు మీది పళ్లకి వర్తిస్తుంది, తాగి ఇంటికొచ్చే మా మరిదికి బాగా వర్తిస్తుంది. తూటాలకి మాత్రం వర్తించదు. ఈ మాట మా ఊరి మగాళ్లందరూ పోలీసుల ముందు ఒట్టేసి మరీ చెప్పారు. అంతమంది పెద్దమనుషులు అబద్ధమాడతారా?

నా పేరు రోసాంద. ఊళ్లో 'హెల్మెట్ రోసాంద' అంటే చిన్నపిల్లాడైనా ఇల్లు చూపిస్తాడు. పెళ్లిళ్లలో తుపాకీ తీసినవాడి లైసెన్సు పీకెయ్యాలనీ, లైసెన్సే లేనివాడి దగ్గర తుపాకీ లాక్కోవాలనీ, అలా ఒక చట్టం కావాలనీ సంతకాలు అడుగుతూ గడపగడపా తిరిగే ఆడదాన్ని నేనే. ఎదురుపడితే జనం రోడ్డు దాటి అవతలికి పోతారు. మా ఊరివాళ్లకి నడక అలవాటైందంటే ఆ పుణ్యం నాదే!

ఎన్నేళ్లని ఓడిపోతాను చెప్పండి? అందుకే ఈ రోజు పార్టీ మార్చేశాను. తుపాకీ అంత మంచి వస్తువు లేదని మీ ముందు నిరూపిస్తాను.

ఒకటి, తుపాకీ ఉంటే పేపరెందుకు? మగపిల్లాడు పుడితే కాలుస్తారు. కుర్రాడు మిలిటరీకి వెళ్తే కాలుస్తారు, తిరిగొస్తే ఇంకా ఎక్కువ కాలుస్తారు. ట్రాక్టరు కొంటే, ఫుట్‌బాల్లో గోలు పడితే, పక్కింటాయన పళ్లసెట్టు పెట్టించుకుంటే కూడా కాల్చారు. మంచం దిగకుండానే ఊరి వార్తలన్నీ వినొచ్చు. ఇంతకంటే సౌకర్యం ఏముంది?

పెళ్లంటారా, అది తుపాకీ లేకుండా మొదలే కాదు. పెళ్లికూతురి ఇంటి ముందు పొడుగాటి కర్రకి ఒక ఆపిల్ కడతారు. పెళ్లికొడుకు దాన్ని కాల్చి పడగొడితేనే పిల్లని బయటికి పంపిస్తారు. పాపం, తెల్లారినప్పటి నుంచీ రకియా సారా తాగుతున్న పెళ్లికొడుకు గురి ఎక్కడ కుదురుతుంది? కుదరకపోతే బంధువులంతా తలో పిస్తోలూ తీసి సాయం చేస్తారు. ఐకమత్యం అంటే మా వాళ్లదే!

ఇంకో మాట. మా వాళ్లకి పిల్లల ప్రాణాలంటే లెక్కలేదని పట్నం వాళ్లు రాస్తుంటారు. ఎంత అన్యాయం! మా అంత జాగ్రత్తపరులు భూమ్మీద ఉన్నారా? ఎదురెదురు కిటికీలు తెరిచి పెడితే గాలి కొట్టి మనిషి చచ్చిపోతాడని మాకు తెలుసు. తడి తలతో గడప దాటనివ్వం. చల్లటి అరుగు మీద కూర్చోనివ్వం. బస్సులో చెమటతో ఉడికిపోయినా సరే, అద్దం దించినవాణ్ణి హంతకుణ్ణి చూసినట్టు చూస్తాం.

మా రాదిసావ్ అన్నయ్య పెద్దకొడుకు పెళ్లిలో కూడా అదే జాగ్రత్త. రాదిసావ్ అంటే మా పెళ్లికి సాక్షి, మా పాపకి జ్ఞానస్నానంలో తలమీద చెయ్యి పెట్టినవాడు. మాలో ఆ బంధం రక్తసంబంధం కంటే గట్టిది. మా పాప నెవెనకి అప్పుడు తొమ్మిదేళ్లు. పెళ్లికూతురి ఇంటి నడవలో, ఇటు తలుపుకీ అటు కిటికీకీ మధ్య నిలబడి చెల్లి వరస పిల్లకి జడ వేస్తోంది. రాదిసావ్ వాళ్లమ్మ స్తమేన చూసి గుండెలు బాదుకుంది.

"ఓసి పిచ్చిపిల్లా! ఆ గాల్లో నిలబడ్డావేంటే? చచ్చిపోతావ్! పో, వాకిట్లో ఎండలోకి పోయి నించో!"

పెద్దావిడ చెప్పింది నిజమే కదా అనుకున్నాను. చలి తగలకుండా ఉన్ని కోటు బొత్తాలు నేనే పెట్టి పంపాను.

వాకిట్లో అప్పుడే పెళ్లికొడుక్కి సాయం మొదలైంది.

పోలీసులు వచ్చి అందర్నీ అడిగారు. అందరూ కాల్చారు. అందరూ ఆకాశంలోకే కాల్చారు. ఎవరి తూటా వాళ్లకి పైకి పోవడం కనిపించింది, కిందికి రావడం ఏ ఒక్కడికీ కనిపించలేదు. మరి నా బిడ్డ తలకి తగిలిందేంటి? కేసు మూసేశారు. ఆపిల్ మాత్రం కర్రకి అలాగే వేలాడుతోంది.

అంత్యక్రియలు చాలా గౌరవంగా జరిపించారు. ఎంత గౌరవమంటే, పెట్టె గుంటలోకి దించుతుంటే మా మగాళ్లందరూ కన్నీళ్లు తుడుచుకుని, పిస్తోళ్లు తీసి గాల్లోకి కాల్చారు! నేను తలెత్తి ఆకాశం వైపు చూశాను. మిగతావాళ్లంతా, ఏంటిలా చూస్తోందని నా వైపు చూశారు.

అప్పట్నుంచి నేను ఏ వేడుకకి వెళ్లినా హెల్మెట్ పెట్టుకునే వెళ్తాను. అది మా నెవెన సైకిల్ హెల్మెట్. పసుపు రంగు, పక్కన సీతాకోకచిలుక స్టిక్కరు. నా తలకి ఎక్కడ పడుతుంది? కుండ మీద చిప్ప బోర్లించినట్టు నడినెత్తిన నిలబడుతుంది. పట్టు బట్టలు, ముత్యాల దండ, పైన ఆ హెల్మెట్! ఫోటోలు తీసేవాడు నన్ను పక్కకి జరగమంటాడు. పెళ్లివారు మా గురి మీద నమ్మకం లేదా అని అలుగుతారు. నన్ను పిలవకపోతే తప్పు, పిలిస్తే ముప్పు.

సంతకాలు కాసిని పోగయ్యాక, ఊరి కౌన్సిల్ తీర్మానం చేసి రాజధానికి పంపాలని అడిగాను. సభ్యులందరూ లేచి నా బిడ్డ కోసం నిమిషం మౌనం పాటించారు. కొందరు ఏడ్చారు కూడా. తర్వాత కూర్చుని, చేతులెత్తి తీర్మానాన్ని ఓడించారు. రాదిసావ్ అన్నయ్య కూడా అక్కడ సభ్యుడే. ఆయన చెయ్యే అన్నిటికన్నా ఎత్తుగా లేచింది.

బయట నా చెయ్యి పట్టుకున్నాడు. "చెల్లెమ్మా, నీ బాధ నా బాధ కాదా? కానీ తాతల నాటి ఆచారం గదమ్మా! తుపాకీ మోగని పెళ్లి ఏం పెళ్లి? చావింట్లో కూర్చున్నట్టుంటుంది!"

"చావింట్లో కూడా మోగించారుగా అన్నయ్యా!" అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలేసి వెళ్లిపోయాడు. ఊళ్లో మాత్రం రోసాంద నోరు మరీ పెద్దదైపోయిందని చెప్పుకున్నారు. నిజమే. నోరు ఒక్కటే నాకు లైసెన్సు అక్కర్లేని ఆయుధం.

మొన్న ఆదివారం రాదిసావ్ చిన్నకొడుకు పెళ్లి. పిలిచారు, వెళ్లాను. కర్రకి ఆపిల్ కట్టారు. మగాళ్లు నడుములు తడుముకుంటున్నారు. నేను గోడవారన హెల్మెట్ పెట్టుకుని తమాషా బొమ్మలా నిలబడ్డాను. నన్ను చూసి కుర్రాళ్లు మోచేతులతో పొడుచుకుంటున్నారు.

అప్పుడు రాదిసావ్ నా దగ్గరికి వచ్చాడు. చంకలో మనవరాలు తియాన. మా నెవెన పోయిన రోజు పెళ్లయిన పెద్దకొడుకు కూతురే. బూరెబుగ్గల పిల్ల, నాలుగేళ్లుంటాయి.

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా... ఆ టోపీ ఒక్కసారి ఇస్తావా?"

"ఎందుకన్నయ్యా? తూటాలు కిందికి రావుగా!"

"రావులే... అయినా చిన్నపిల్ల కదా."

నేను తీసి ఇచ్చాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పాప తలకి పెట్టాడు. అతికినట్టు సరిపోయింది. గడ్డం కింద బెల్టు బిగిస్తూ, చర్మం నొక్కుకోకుండా మధ్యలో వేలు పెట్టి చూశాడు. ఎంత జాగ్రత్తగా పెట్టాడో! పాప సీతాకోకచిలుకని తడుముకుని నవ్వింది.

అంటే తెలుసన్నమాట! పైకి పోయింది కిందికి వస్తుందని ఆయనకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. పోలీసుల ముందు తెలుసు, కౌన్సిల్లో చెయ్యి ఎత్తినప్పుడు తెలుసు. పిచ్చిదాన్ని, వాళ్లకి తెలియదేమో అనుకుని ఇన్నేళ్లూ ఇల్లిల్లూ తిరిగి చెప్పాను!

ఆయన లేచి, నడుముకున్న పిస్తోలు తీసి, ఆకాశంలోకి కాల్చాడు. వాకిలంతా మోగిపోయింది. నేను పాపని దగ్గరికి లాక్కుని, ఆ హెల్మెట్ మీద నా రెండు చేతులూ కప్పి వంగిపోయాను. నా తల మీద ఏమీ లేదన్న సంగతి అంతా అయ్యాక గుర్తొచ్చింది.

హెల్మెట్ వాళ్లింట్లోనే ఉంది. అది నేను అడగను. సంతకం మాత్రం రేపు పొద్దున్నే వెళ్లి మళ్లీ అడుగుతాను.