జగన్నాధం అరుగూ, గండుచీమల కోటా

వినుడు, ఓ తీరిక గల మహాజనులారా! చంపావతీ తరంగశీకర శీతలమారుతములు నెల్లిమర్ల వీధులలో మందమందముగా వీచుచుండ, జనపనార మిల్లు సైరను శంఖారావము వలె దిక్కులు పిక్కటిల్ల మ్రోయుచుండ, సెల్ టవరు శిఖరమున సంధ్యారుణకాంతి జారుచుండ, విశ్రాంత మిల్లుకార్మిక శిరోభూషణుడును, గళ్లలుంగీ ధరించినవాడును, నిష్కారణ వాచాలుడును అగు జగన్నాధము తన గుమ్మమునకు ఎడమవైపు అరుగుపై ఆసీనుడయ్యెను. అయిన మరుక్షణమే "ఓర్నాయనో!" అని అంతెత్తున లేచెను. ఎక్కడ కుట్టినదో నన్ను అడగకండి, ఆయన పెద్దమనిషి.

ఆ అరుగు బీటలో గండుచీమలు కోట కట్టినవి. నల్లని కవచములు, కత్తెర కోరలు, తోకకొసన విషశూలములు! బతుకంతా మిల్లులో నిలబడి పనిచేసిన ఆ వీరునికి కూర్చొనుటకు దక్కిన ఏకైక సింహాసనమది. వీధిన పోవువారిని అక్కడ కూర్చుండి పలకరించనిదే ఆయనకు రాత్రి అన్నము సహించదు. కుడివైపు అరుగు భార్య దాలమ్మది. అందు ఆయనకు ప్రవేశము లేదు.

ఎదురింటి జోగయ్య ఇది కనిపెట్టి, తన అరుగుపైనుండి ఆప్యాయముగా కేకవేసెను. "బావా, ఏటలాగ నిలబడిపోనావు? మా అరుగు మీదకి రా, బోల్డు సోటున్నాది!"

హా! అచటికి పోయినచో జోగయ్య మాట్లాడును, తాను వినవలెను. ఆ ఊహకే జగన్నాధమునకు ఏడుపు ముంచుకొచ్చెను.

మొదట పసుపు చల్లెను. చీమలు పసుపు కాళ్లతో పేరంటాండ్ర వలె తిరిగినవి. పిమ్మట, చీమ అన్నది బెల్లమునకు లొంగకపోవునా యని తలచి, ఒక బెల్లపుగడ్డ దూరముగా సందులో పెట్టెను. ఊరిలోని చిన్నచీమలన్నియు బంధుమిత్రసమేతముగా విచ్చేసినవి. గండుచీమలు మాత్రము అటు కన్నెత్తి చూడలేదు.

విజయనగరములో జువాలజీ చదువుచు సెలవులకు వచ్చిన మనవరాలు శైలజ పకపక నవ్వెను. "తాతా, ఇవి ఏటాడి తినే పాతకాలపు జాతి. బెల్లానికి వరస కట్టవు, ఏటకి దేనికది ఒంటరిగా ఎల్తాది. ఈ రకానికి రాణీ అని ఏరే పుట్టదు. పుట్టిన పెతీదానికీ వీపు మీద రెండు సిన్న మొగ్గలుంటాయి. పెత్తనం సేసే సీమ వాటిని కొరికీస్తాది. కొరికించుకున్నవి ఇంక సాకిరీయే. మొగ్గలు మిగిలినదాందే పెత్తనం."

దాలమ్మ చేటలోని బియ్యమునుండి తల ఎత్తకయే పలికెను. "ఇందులో వింతేటున్నాదే? మీ తాతకి పెళ్లైన వారానికే కొరికీసినాను."

జగన్నాధము తనకు తెలియకుండానే వీపు తడుముకొనెను. పౌరుషము భగ్గుమనెను. నిండు నీళ్లబకెట్టునెత్తి, బీటకెదురుగ నిలిచి, మేఘగంభీరస్వరమున గర్జించెను. "ఒలే సీమల్లారా! మగ్గాల మోతకే జడవనోణ్ని, మీకు జడుస్తానా? ఈ అరుగు నా సెమటోడ్సి కట్టుకున్నాను! మర్యాదగా ఎలిపోతారా, ఎత్తిపొయ్యమంటారా?"

ఒక చీమ బయటకు వచ్చి, మీసములాడించి, లోనికి పోయెను. బకెట్టు బీటపై బోర్లపడెను.

అంతట ఆ జలప్రళయమునుండి చీమలు బయల్వెడలినవి. కొన్ని కోరల నడుమ పిల్లలను పొదివి పట్టుకొనినవి. మరికొన్ని జంటలుగా నడచినవి. ముందుది దారి చూపుచుండ, వెనుకది మీసములతో దాని కాళ్లను తాకుచు పోవుచుండెను. తాకిడి తప్పినచో ముందుది ఆగి, వెనుకది వచ్చి ముట్టుకొనువరకు కదలలేదు. జగన్నాధమునకు మనసు చివుక్కుమనెను. "పిల్లల్తోటి ఇల్లు ఖాళీ సేయించీసినానే, ఎంత పాపిష్టోణ్ని!" అని వాపోయెను. అదే అదనుగా జోగయ్య కోడిపెట్ట ముక్కు సవరించుకొని రాగా, జగన్నాధము ఖాళీ బకెట్టు డాలుగా పట్టి, చివరి చీమ దాటువరకు ఆ మహాపక్షిని నిలువరించెను. నిన్నటి శత్రువులకు ఇవాళ కాపలా! చూచితిరా ఆయన చోద్యము?

ఆ సేన గుమ్మము దాటి కుడివైపు అరుగు బీటలో విడిది చేసెను.

"ఓలమ్మో!" అని దాలమ్మ చేటతో సహా లేచెను. మగని వంక ఒక్క చూపు చూచి, ఎడమవైపునకు నడచి వచ్చెను. "జరుగు."

జరిగెను.

"ఇంకొంచెం."

ఆమె కూర్చుండెను, ప్రక్కన చేట కూర్చుండెను. జగన్నాధమునకు జానెడు చోటు మిగిలెను. సగము శరీరము గాలిలో ఉండగనే ఆయన మెడ నిక్కించి ఎదురింటికి వినబడునట్లు ప్రకటించెను. "బావా! నాను రాను. మా అరుగు మాకు సరిపోతన్నాది!"

"పడిపోతావు," అనెను దాలమ్మ, రాళ్లేరుచునే. "నా సెంగు పట్టుకో."

పట్టుకొనెను. జయము, జయము! నెల్లిమర్లలో జానెడు రాయి జగన్నాధము వశమయ్యెను.