గాలితుపాకికి తప్పిన ఖర్జూరగండము

నల్లరేగడి నేల నడుమ, అగ్గిపెట్టెలకు పుట్టినిల్లై, వేరుశనగ మిఠాయి పాకపు వాసనతో వీధివీధిని ఊరించు కోవిల్‌పట్టి పట్టణమున, ఆయుధపూజ నాటి ప్రాతఃకాలమున జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను, వినుడు. రక్తము చిందలేదు. గంధము మాత్రము కొంత చిందినది.

ఆ పురమున గోపాలసామి అను వీరవరేణ్యుడు కలడు. ఆతని దివ్యాయుధము ఒక గాలితుపాకి. అదియు ఏనాడో తయారీ నిలిచిపోయిన, నీలికాంతుల గొట్టము గల, మహాదుర్లభమైన గాలితుపాకి. దానిని విరుదునగరమున శ్రీనివాసన్ అను పాతతుపాకుల సేకర్త వద్ద కాళ్లావేళ్లా పడి కొని తెచ్చెను. "తడి తగిల్తే మచ్చ పడిపోతాది సామీ. మచ్చ పడిందంటే ఇది వట్టి ఇరుంబు" అని, అనగా వట్టి ఇనుమని, ఆయన చెప్పిన మాటను వేదవాక్యముగ గొని, మనవాడు దానిని పట్టుగుడ్డలో చుట్టి, బీరువాలో పరుండబెట్టి, వారము వారము నూనె రాచుచుండెను. పేల్చుట మాత్రము లేదు. పేల్చినచో స్ప్రింగు అలసిపోవునట, అట్టి స్ప్రింగు భూమండలమున మరి దొరకదట. కన్నబిడ్డల తలకైనను ఈ మహానుభావుడు ఇంత నూనె రాచి యెరుగడు.

అంతలో వీధిలో ప్రళయభేరి మ్రోగినది. పాత ఇనుము పుచ్చుకొని పేరీచ్చంపళము, అనగా ఖర్జూరపండ్లు, తూచియిచ్చు కరుప్పసామి బండి అది. పూజకు ఇల్లు కడుగుచున్న ధర్మపత్ని చిన్నతాయి, చీపురు చేతబట్టి, సమరోత్సాహముతో బీరువా తెరచెను.

"మూడేండ్లుగా చూస్తా ఉండాను. వడగం ఎండబెట్టినప్పుడు ఒక్క కాక్కినన్నా తోలిందా ఇది? బీరువాలో చీర పెట్టేకి ఇడం లేదు. దీన్ని బండికి ఏసేసి పేరీచ్చంపళం తీసుకుంటాను."

"అది ఊరులో ఎవురి దగ్గిరా లేదు చిన్నతాయీ."

"ఎవురికీ అక్కర లేదు, అందుకే లేదు."

ఆమె బండిని ఆపుటకు వాకిటికి నడచెను. శత్రువు గుమ్మమున నిలిచియుండగ గోపాలసామికొక ధర్మసూక్ష్మము స్ఫురించెను: ఆయుధపూజ నాడు గంధము, కుంకుమ పెట్టిన వస్తువును, అది కొడవలియైనను గ్రైండరైనను, మరునాటి పూజ ముగియువరకు ఎవ్వరును ముట్టరాదు. కాని గంధము తడి. పెట్టిన తుప్పు, పెట్టకున్న ఖర్జూరము. "ఓ లోహకన్యకా, నీ కాంతిని బలియిచ్చి నీ ప్రాణమును కాచెదను, క్షమింపుము" అని మనసున విలపించి, దానిని కొడవళ్ల సరసన పరుండబెట్టి, కన్నులు గట్టిగా మూసికొని, మూడు బొట్లు పెట్టెను.

చిన్నతాయి కరుప్పసామితో లోనికి వచ్చి చూచి నిలిచిపోయెను. "పూజైలో పెట్టేస్తిరా? సరి, ఇంక ముట్టకూడదు." కరుప్పసామి సైతము తుపాకికి చేతులు జోడించి, బండి తోలుకొని పోయెను.

వీరుడు మీసము దువ్వుచుండగనే కాకి యొకటి కిటికీలో వ్రాలి, పూజకు పెట్టిన ఆకులోని వడపై గురిపెట్టెను. జన్మమున తొలిసారి ఆతని చేయి యుద్ధార్థమై తుపాకివైపు సాగినది.

"రేపుదాకా ముట్టకూడదంటిని కదా" అన్నది చిన్నతాయి. కాకి వడతో వెడలిపోయెను.

మరునాడు బొట్లు తుడిచిచూడగ, నీలిగొట్టముపై మూడు తుప్పుచుక్కలు నిలిచియుండెను. ఫోనులో ఫోటో చూచిన శ్రీనివాసన్ "పోయింది సామీ, వట్టి ఇరుంబే" అని ఫోను పెట్టివేసెను. చిన్నతాయి మాత్రము తుపాకిని కొడవలి ప్రక్కన మేకుకు తగిలించి పలికెను: "పూజై అయిన సామాను, ఇంక ఇది మన ఇంటిది. ఏటా బొట్టు పెట్టాల."

జయము, గోపాలసామికి జయము. ఆతనికి మిగిలినవి తుప్పుచుక్కలు, కాకికి దక్కినది వడ. ఖర్జూరపండ్లు మాత్రము, భూతలమున ధర్మము నిలిచియుండుటచేత, ఎవ్వరికిని దక్కలేదు.