‘ఉమ్మడి గోడ’ ఆల్బమూ, నిర్భయ విమర్శా

నాచారం, ఉప్పల్ పరిసర ప్రాంతాల సంగీతప్రియులకు తెలియజేయునది ఏమనగా, మన ప్రాంతపు మొట్టమొదటి ప్రయోగాత్మక రాక్ ఆల్బం ‘ఉమ్మడి గోడ’ విడుదలైంది, విమర్శకుల మన్నన పొందింది, ఆ తర్వాత కొందరు దాన్ని విన్నారు కూడా.

ప్రయోగం పుట్టిన తీరు చెప్పాలి. నాచారం పారిశ్రామికవాడ అంచున ఒక పాత షెడ్డులో ‘త్రీ ఫేజ్’ అనే రాక్ బ్యాండు సాధన చేస్తుంది. గోడకు అవతల కాలనీ భజన మండలి. సాయంత్రమైతే ఇటు గిటార్లు, అటు చిడతలు. ఒకరి మీద ఒకరు సంక్షేమ సంఘానికి ఫిర్యాదులు పెట్టుకున్నారు. సంఘం అధ్యక్షులు ఉమామహేశ్వర్ గారు రెండు రైళ్ళు ఒకే పట్టా మీదికి రాకుండా ఉద్యోగమంతా కాపాడి రిటైరైన మనిషి. ఆయనే, “రెండు సప్పుళ్ళు కలిపి ఒక్కటి జేయున్రి, ఫిర్యాదు సగమైతది” అని తీర్పు చెప్పారు. కళాచరిత్రలో గొప్ప ఉద్యమాలన్నీ ఇలాగే పుట్టి ఉంటాయని నా నమ్మకం.

భజన మండలి తరఫున కనకమహాలక్ష్మి గారు పాడారు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ టీచరు. ఆవిడ గొంతెత్తితే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఈ ఒక్క మాటలో వ్యంగ్యమేమీ లేదు. బ్యాండు నాయకుడు అభినవ్ గిటారు మాత్రం ఆ గొంతు మీద రోడ్డు రోలరులా నడిచింది. అన్ని శబ్దాలనూ కలిపి పాటగా కూర్చే పని సాయి ప్రియది. పగలు పోచారంలో సాఫ్ట్‌వేర్, సాయంత్రం ఇది.

“అన్నా, మేడం గొంతే ఇనబడ్తలేదు. గిటార్ జర తగ్గిద్దాం. ఆమె రికార్డుకు పాడుడే మొదటిసారి” అని ఆమె బతిమాలింది.

“నీకు తెల్వది సాయీ. రాక్ అంటే గిట్లనే ఉంటది” అన్నాడు అభినవ్.

పాటలు విడుదలైన రోజు కనకమహాలక్ష్మి గారు ఫోను చెవికి ఆనించుకుని పాట మొత్తం విన్నారు. “చాలా బాగుందమ్మా. మరి నేనెక్కడ పాడానూ?” అని సాయి ప్రియను అడిగారు. ఆ పిల్లకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇక విమర్శ. ఉప్పల్ మొత్తానికి విమర్శకులు ఒక్కరే, విజయభాస్కర్ గారు. శతకమైనా, వంటల పుస్తకమైనా, రాక్ ఆల్బమైనా ఆయన పద్ధతి ఒకటే. “మీరే నాలుగు ముక్కలు రాసి పంపండి. మీ కృతి గురించి మీకన్నా ఎవరికి తెలుసు?” అంటారు. కింద పేరు మాత్రం ఆయనది. దీన్ని సోమరితనమనే వాళ్ళున్నారు. పెళ్ళికొడుకు గుణగణాలు వాడి తల్లినే అడిగి తెలుసుకునే దేశంలో ఇదేం తప్పో నాకు బోధపడదు.

బ్యాండులో తప్పుల్లేకుండా తెలుగు రాయగలిగింది సాయి ప్రియ ఒక్కతే. అందుచేత సమీక్ష ఆమె పాలబడింది. ఆమె పొగడ్తకు బదులు మనసులో ఉన్నది రాసింది: “ఈ ఆల్బంలో ఒక గొప్ప గాయని ఉన్నారు. ఆమెను గిటారు కింద పూడ్చిపెట్టారు. తవ్వి తీయవలసిన బాధ్యత పూడ్చినవారిదే.” విజయభాస్కర్ గారు ఆనవాయితీ తప్పకుండా, చదవకుండా పేరు పెట్టి పంపారు. ఆదివారం పత్రికలో వచ్చేసింది.

కాలనీ అదిరిపడింది. గొంతు కోస్తాది కనుకనే పూడ్చారని ఒక వర్గం, గిటారు నాచారంది కనుకనే తగ్గించమంటున్నారని ఇంకో వర్గం టీ కొట్టు దగ్గర తేల్చేశాయి. ‘పూడ్చివేత: ఒక పరిశీలన’ అనే అంశం మీద చర్చాగోష్ఠి జరిగింది. పాట విన్నవాళ్ళకు ముందస్తు అభిప్రాయాలుంటాయి గనుక, నిష్పాక్షికత కోసం వినని వాళ్ళనే వక్తలుగా పిలిచారు. అభినందనల ఫోన్లు వచ్చాకే విజయభాస్కర్ గారు తన సమీక్షను చదివారు. “నేనింత ఘాటుగా రాయగలనని నాకే తెలియదు” అన్నారు. అందరూ ఆయన వినయానికి ముగ్ధులయ్యారు.

అభినవ్ పరుగున షెడ్డుకొచ్చాడు. “సూసినవా, విమర్శ అంటే గిది! సార్ ఎట్ల పట్టేసిండో! గిటార్ తగ్గియ్యి, జల్ది.”

“అన్నా, అది రాసింది నేనే.”

“రాసుడేముంది సాయీ, ఎవలైనా రాస్తరు. చెప్పింది సార్ గద” అని అభినవ్ ఎంతో దయగా సర్దిచెప్పాడు.

ఆమె గిటారు తగ్గించింది.

సవరించిన ఆల్బం ఆవిష్కరణ, ‘నిర్భయ విమర్శక’ బిరుద ప్రదానం ఒకే సభగా కమ్యూనిటీ హాల్లో జరిగాయి. హాలు కిటకిటలాడింది. విజయభాస్కర్ గారు వేదిక మీద, ఆయన పక్కన శాలువా పళ్ళెం పట్టుకుని సాయి ప్రియ. ఉమామహేశ్వర్ గారు మైకు అందుకుని, “విమర్శ లేనిదే కళ లేదు! గోడ లేనిదే భజన లేదు! సంఘం లేనిదే ఈ రెండూ లేవు!” అని గర్జించారు. ఆ తర్వాత, సమయం మిగిలింది కాబట్టి, పాట వేశారు.

గొంతు వచ్చింది. గిటారు దాని వెనకాల బుద్ధిగా నడిచింది. మొదటి వరుసలో కనకమహాలక్ష్మి గారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తన పాట తాను విన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోను.

పాట అయిపోయింది. ఒక్క చప్పట్టూ లేదు. ఆవిడ బెదురుగా వెనక్కి తిరిగి చూశారు. హాలు ఆవిడ వైపు చూడటం లేదు. హాలంతా విజయభాస్కర్ గారి ముఖంలోకి చూస్తోంది. ఆయన కొంచెం పక్కకు వంగి, పెదవి కదలకుండా, “ఎలా ఉందమ్మా?” అని సాయి ప్రియను అడిగారు. మైకు దగ్గరగా ఉండటం వల్ల ఆ ప్రశ్న అందరికీ వినబడింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కన్నీళ్ళతో తలూపింది. ఆయన కళ్ళు మూసుకుని, గంభీరంగా తలూపారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

మీరు నవ్వుతున్నట్టున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఆయన తలూపడం నాకు సరిగ్గా కనబడలేదండీ. నా ముందు కుర్చీలో మీరు మెడ చాచి మరీ చూస్తూ అడ్డొచ్చారు.