ఎర్రదీపానికి దారి

నిప్పును కనుక్కున్న నాటి నుంచి, దాన్ని ఆర్పడానికి నీళ్ళు కావాలని మనిషి అమాయకంగా నమ్ముతూ వచ్చాడు. నీళ్ళకన్నా ముందు కావలసింది ఎర్రదీపమని లోకానికి చాటిన ఘనత బెంగళూరు కాటన్‌పేటకే దక్కుతుంది. యుద్ధం జోరుగా సాగుతున్న రోజులవి. జపాను విమానాలు వస్తాయని, బాంబులు వేస్తాయని, ఊరు అంటుకుంటుందని పేటలోని పెద్దమనుషులు కలిసి స్వచ్ఛంద అగ్నిమాపక దళం ఒకటి పెట్టుకున్నారు. విమానాలు రాలేదు. (అందులో దళం తప్పేమీ లేదు.)

దళంలో చేరేవారికి సొంత వాహనం ఉండాలి. దాని ముందు ఎర్రగాజు బిగించిన చమురు దీపం తగిలించుకోవచ్చు. దీపం వెలిగించుకుని వస్తున్న సభ్యుడికి ఎదురొచ్చే ప్రతివాడూ పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. సభ్యుడు మాత్రం ఎవరికీ దారి ఇవ్వకూడదు. బకెట్ల సంగతి తరువాతి సమావేశంలో చూద్దామనుకున్నారు.

గోనెసంచుల వ్యాపారి జయరామప్ప అందరికన్నా ముందు చేరాడు. ఆయన వాహనం సైకిలు. జట్కా ఎదురైతే చాలు, దిగి గోడకు ఆనుకుని నిలబడే మనిషి ఆయన. దీపం తగిలించాక జట్కాలే గోడకు ఆనుకోవడం మొదలుపెట్టాయి. ఆయన భార్య సావిత్రమ్మ ఈ మార్పును వంటింటి కిటికీలోంచి గమనిస్తూ వచ్చింది. వంకాయలు తేవడానికి కూడా దీపం వెలిగించడం చూసి ఒకరోజు అడిగింది.

"మంట యాడుండాదండీ?"

"ఎప్పుడు యాడ అంటుకుంటాదో ఎవరికి తెలుసే? నేను తయారుగా పోతా ఉండా."

"మార్కెట్టుకా?"

"మార్కెట్టు అంటుకోదా ఏమి?"

దీపానికి చిన్న చిక్కులు రెండు లేకపోలేదు. పగటి ఎండలో అది కనబడదు. అందుకని సభ్యుడే "ఎర్రదీపం! ఎర్రదీపం!" అని అరుచుకుంటూ పోవాలని నియమం చేశారు. రాత్రిపూట శత్రువిమానాలకు వెలుతురు కనబడకూడదు గనుక దానికి నల్లకాగితం చుట్టాలన్నారు. పగలు కనబడని, రాత్రి కనబడకూడని ఆ దీపానికి పేటలో వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు.

దళానికి దీపాల అధికారి వెంకటరాయప్ప. ఆయన ఇంటింటికీ వచ్చి, ప్రతి సభ్యుడూ ఇంట్లో రెండో దీపం ఒకటి ఉంచుకోవాలని, అది ఎల్లవేళలా వెలుగుతూ ఉండాలని, గాలి తగలని పొడిచోట పెట్టాలని, సభ్యులు తప్ప ఇతరులు దాన్ని ముట్టకూడదని ఆజ్ఞాపించాడు. జయరామప్ప ఇంట్లో గాలి తగలని పొడిచోటు ఒక్కటే ఉంది. అది సావిత్రమ్మ దూది గది.

కూతురు వెంకటలక్ష్మికి పెళ్ళి చేసి పంపాక, సావిత్రమ్మ పరుపులూ దిండ్లూ కుట్టి అమ్మడం మొదలుపెట్టింది. కంటోన్మెంటులో కొత్తగా తెరిచిన ఒక వసతిగృహంవాళ్ళు మొదటిసారి పెద్ద పని ఒప్పజెప్పారు. ఏకిన దూది తెచ్చి ఆ గదిలో కప్పుదాకా పేర్చుకుంది. ఇన్నేళ్ళ సంసారంలో, ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగిన మొదటి వస్తువు ఆ దూది. తలుపు తీసినప్పుడల్లా దాన్ని ఒకసారి చేత్తో నిమిరి వచ్చేది.

"దూది మధ్యలో దీపమేమిటప్పా?" అని ఆమె వెంకటరాయప్పను నిలదీసింది.

"ఏం భయం లేదమ్మా. అది మంటలార్పే దీపం."

"దూదికి ఆ సంగతి తెలుసునా?"

వెంకటరాయప్ప చిరునవ్వు నవ్వాడు. (నియమాల్లో జవాబు లేని ప్రశ్నలన్నింటికీ ఆయన దగ్గర ఆ చిరునవ్వు ఉండేది.)

ఒకనాటి ఉదయం, జయరామప్ప దుకాణంలో ఉండగా, దూదికి ఆ సంగతి తెలియదని తేలిపోయింది. సావిత్రమ్మ పప్పు దించుతూ ఉండగా కమురు వాసన వచ్చింది. గది తలుపు తోస్తే పొగ మొహాన కొట్టింది. "అక్కయమ్మత్తా!" అని ఆమె పెట్టిన కేకకు పక్కింటి ముసలమ్మ ఒక్క ఉదుటున వచ్చింది. వీధిలో పోతున్నవాడెవడో దుకాణానికి పరుగెత్తి కబురు చెప్పాడు.

దుకాణం పక్క సందులోనే ఉంది. నడిస్తే నోట్లో వక్క నమిలేలోగా ఇల్లు చేరవచ్చు. కానీ సభ్యుడు మంటల దగ్గరికి వాహనం లేకుండా, ఆ వాహనానికి దీపం లేకుండా పోకూడదు. జయరామప్ప సైకిలు బయటికి తీశాడు. దీపంలో చమురు లేదు, పోశాడు. అగ్గిపుల్ల గాలికి ఆరిపోయింది, ఇంకొకటి గీశాడు. కన్నీళ్ళు ఉబుకుతూ ఉండగా "ఎర్రదీపం! ఎర్రదీపం!" అని అరుస్తూ తమ సందు మొదటికి వచ్చాడు.

సరిగ్గా అప్పుడే అవతలి వీధి నుంచి అదే కేక, కాస్త బొంగురుగా, వినబడింది. పొగ చూసి బయల్దేరి, ఒంటెద్దు బండి మీద, కాడికి ఎర్రదీపం కట్టుకుని, బెల్లం వ్యాపారి ఓబళప్ప వచ్చి నిలిచాడు. ఆయన కూడా సభ్యుడే. వెంకటలక్ష్మి మామగారు కూడా ఆయనే. ఆ సందులో ఒకేసారి ఒక వాహనమే పడుతుంది.

ఎర్రదీపం ఎవరికీ దారి ఇవ్వకూడదు. రెండు ఎర్రదీపాలు ఎదురుపడితే ఏం చేయాలో నియమాల్లో లేదు. ఇక ఆ దీపాల వెనక ఇద్దరు వియ్యంకులు (పేట భాషలో బీగరులు) ఉంటే ఏం చేయాలో నియమాలు రాసినవాళ్ళ ఊహకే అందలేదు.

"రాండి బీగరూ, మీరు ముందు పోండి," అన్నాడు జయరామప్ప. "పిల్లనిచ్చినోణ్ణి. మీకు ముందు నడిచేంత పొగరు నాకు లేదు."

"ఎంత మాట బీగరూ! కాలేది మీ ఇల్లు. యజమానిని వెనక పెట్టి నేను ముందు జొరబడితే నలుగురూ ఏమంటారు?"

"మగపిల్లవాని తండ్రి మీరు!"

"అయితే? మర్యాద తెలీనోణ్ణా?"

జనం మూగారు. ఆడపెళ్ళివారు వెనకే ఉండాలని కొందరు, ఆపదలో ఆ లెక్కలు చూడకూడదని కొందరు వాదించారు. వెంకటరాయప్ప జట్కా దిగి వచ్చి, ఇద్దరి దీపాలూ వెలుగుతున్నాయా లేదా అని ముందుగా వంగి చూసి తృప్తిపడ్డాడు.

"పెళ్ళిలో ఎదుర్కోలు ఎవరు చేశారు?" అని అడిగాడు.

"నేనే స్వామీ," అన్నాడు జయరామప్ప.

"అట్లయితే ఓబళప్పగారే ముందు."

"నేను పోనుగాక పోను," అన్నాడు ఓబళప్ప. ఎద్దు కూడా ఆ మాటే అన్నట్టు కూలబడింది.

ఇంతలో సందు లోపలి నుంచి సావిత్రమ్మ వచ్చింది. మొహమంతా మసి. కొంగు తడిసి నీళ్ళు కారుతూ ఉంది.

"ధైర్యంగా ఉండవే సావిత్రీ! వస్తా ఉండాము!" అని అరిచాడు జయరామప్ప.

"ఆరిపోయిందండీ."

ఆమే, అక్కయమ్మా కలిసి ఇంట్లో ఉన్న గోనెసంచులన్నీ నీళ్ళ తొట్టిలో ముంచి మంట మీద పరిచారు. దీపం చుట్టూ ఉన్న దూది బూడిదయింది. గది మూలల్లో ఉన్నది మిగిలింది.

 ఓబళప్ప ముఖం విప్పారింది.

"ఆరిపోయిందా! ఇంకేమప్పా తొందర? ఇప్పుడు నిదానంగా మీరే ముందు పోండి, బీగరూ."

సావిత్రమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నవ్వే గెలిచింది. "దీపాలు దించి లోపలికి రాండన్నా," అంది ఓబళప్పతో. "గడపదాకా వచ్చినోళ్ళను కాఫీ ఇవ్వకుండా పంపుతానా?" అక్కయమ్మ ఆ మసిచేతులతోనే పొయ్యి రాజేసింది.

మిగిలిన దూదితో గడువులోగా సగం దిండ్లైనా కుట్టి ఇవ్వగలనని సావిత్రమ్మ లెక్క వేసుకుంది. మర్నాటికే వెంకటరాయప్ప, మంటల్లో పగిలిన దీపం స్థానంలో కొత్త దీపం తెచ్చి, ఆ గదిలోనే, ఆ మిగిలిన దూది మధ్యనే వెలిగించిపోయాడు. గాలి తగలని పొడిచోటు ఆ ఇంట్లో ఇప్పటికీ అదొక్కటే కదా.

సావిత్రమ్మ రాత్రంతా ఆలోచించి, తెల్లవారాక తల దువ్వుకుని, నేరుగా దళం కచేరీకి వెళ్ళింది. జయరామప్ప బిక్కమొహంతో వెనకే వెళ్ళాడు.

"నన్నూ దళంలో చేర్చుకోండప్పా."

"ఎందుకమ్మా?"

"సభ్యులైతేనే దీపాన్ని ముట్టొచ్చని మీరే అంటిరి. ఈయన దాన్ని కదిలించనంటారు. నేనే ఎత్తి పెరట్లో పెట్టాల."

వెంకటరాయప్ప నియమాలన్నీ సావధానంగా తిరగేశాడు. "ఆడవాళ్ళు చేరకూడదని యాడా లేదు," అని ఒప్పుకున్నాడు. "మీ వాహనమేది?"

"నాకు వాహనమేముండాది? నడిచే పోతా. మొన్న అందరికన్నా ముందు నేనే గదా ఉండేది?"

ఆయన ఎంతో మర్యాదగా తీర్పు చెప్పాడు. నడిచి వచ్చేవారు అందరికన్నా ముందే మంటల దగ్గరికి చేరుకుంటారు గనుక వారికి ఎర్రదీపం అవసరం లేదని. ఎర్రదీపం అవసరం లేనివారు అగ్నిమాపక దళానికి పనికిరారని.

అది విని జయరామప్ప గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మొన్న తొందరపడి నడిచి ఇంటికి వెళ్ళి ఉంటే తన సభ్యత్వం ఏమయ్యేదో ఆయనకు అప్పుడే అర్థమయింది.